వెనక్కి జరిగిన మోత

పెళ్లయి పటమట వచ్చిన కొన్నాళ్లకి నేనొక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. బీసెంట్ రోడ్డు వెనక సందులో పెంకుల షెడ్డు అది. స్కూలు గైడ్లు, పంచాంగాలు, శుభలేఖలు, సొసైటీల రిపోర్టులు, ఏది వస్తే అది వేసేవాళ్లు. షెడ్డు మధ్యలో పెద్ద సిలిండర్ మిషను. గోడవారగా రెండు ట్రెడిల్ మిషన్లు. వాటి పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, మా బల్ల.

మా అంటే ఇద్దరు ఆడవాళ్లం. ఆ రోజుల్లో ప్రూఫు దిద్దడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదవాలి. ఇంకొకరు అచ్చు కాగితం మీద కళ్లు పెట్టి, విన్న మాటా ఉన్న మాటా ఒకటేనా అని చూసుకుంటూ పోవాలి. చదివేది ఆమె, చూసేది నేను. ఆమెది వించిపేట. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. వాళ్లాయన వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసేవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా ఆమె చదువంతా తెలుగు మీడియమే. ఆమె చదువుతుంటే ఒక్కోసారి మా ఓనరుగారు కూడా చేతిలో పని ఆపి వినేవారు.

మిషను తిరుగుతుంటే మామూలుగా మాట్లాడిన మాట పక్కవాళ్లకి చేరదు. అందుకని ఆమె గొంతు పెంచి, మాట మాటా విరిచి చదివేది. కామా వస్తే ‘కామా’. వాక్యం అయిపోతే ‘చుక్క’. స, శ, ష ల దగ్గర తికమక రాకుండా తనే ఒక పద్ధతి పెట్టుకుంది. ‘సబ్బు స’, ‘శంఖం శ’, ‘షరతు ష’ అని చెప్పేది. పంచాంగాల సీజనులో సందులో పోయేవాళ్లు తలుపు దగ్గర ఆగిపోయేవాళ్లు. తల నిండా కొంగు కప్పుకున్న మనిషి ‘ఆశ్లేష, శంఖం శ, షరతు ష’ అని అరుస్తుంటే చూడటానికి వింతగానే ఉండేది మరి. ఆమె వాళ్లని చూసి నవ్వేది కూడా కాదు. వేలు లైను మీద నుంచి జారిపోతుందని భయం.

అట్లా చాలా ఏళ్లు గడిచాయి. సాయంత్రం ఇంటికి వెళ్లాక కాసేపు చెవుల్లో ఏదో హోరుగా ఉండటం, స్నానం చేసి అన్నం తినేసరికి సర్దుకోవడం మాకు మామూలే. మిషను దగ్గర పనిచేసే వాళ్లందరికీ ఉండేదే కదా అనుకునేవాళ్లం.

తొంభైల మధ్యలో ఓనరుగారు పాత మిషన్లు అమ్మేసి కంప్యూటర్లు కొన్నారు. పక్క బిల్డింగులో మొదటి అంతస్తులో గది తీసుకుని ఏసీ పెట్టించారు. అచ్చు బయట ఎక్కడో ఆఫ్‌సెట్ మీద వేయించేవాళ్లు. గదిలోకి చెప్పులు విడిచి వెళ్లాలి, టీ గ్లాసులు తీసుకెళ్లకూడదు. గుళ్లోకి వెళ్లినట్టే వెళ్లాం మొదటి రోజు. కొత్త బల్ల, కొత్త కుర్చీలు. మా ప్రూఫులు మాకు ఇచ్చారు. ఆమె ఇంకా చదవడం మొదలుపెట్టలేదు.

“ఏదో కూస్తోంది కదూ?” అన్నాను.

కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాపరేటరు తలెత్తి చూశాడు. “ఏం లేదండీ.”

“సన్నగా. టీవీలో ప్రోగ్రాములన్నీ అయిపోయాక ఒక కూత వస్తుంది చూడు, అట్లా.”

“యూపీఎస్ అయ్యుంటుందండీ” అని దాన్ని ఆపాడు. కూత ఆగలేదు. మానిటర్లు ఆపాడు. ఏసీ ఆపాడు. ఓనరుగారు వచ్చి ట్యూబులైటు కూడా తీయించారు. అందరం చీకట్లో నిలబడి చెవులు రిక్కించాం. నాకు తప్ప ఎవరికీ ఏమీ వినపడలేదు. ఓనరుగారు “గోడ లోపల కీచురాయి దూరిందేమో” అన్నారు. నాతో ప్రూఫులు చదివే మా ఆమె నిజంగానే గోడకి చెవి ఆనించి చూసి, తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం బస్సులో మర్చిపోయాను. పటమటలో ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని వంటింట్లో కూర్చోగానే మళ్లీ అదే కూత. అప్పుడు మొదటిసారి భయం వేసింది.

మా ఆయన కరెంటాఫీసులో పనిచేసేవారు. ఏదైనా సరే పరీక్ష చేసి చూస్తేగానీ నమ్మరు. ఆదివారం మధ్యాహ్నం మెయిన్ స్విచ్ ఆపేశారు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ గొణుగుడు ఆగింది.

“ఇప్పుడు?” అన్నారు.

“ఇప్పుడింకా ఎక్కువైందండీ.”

ఆయన మెయిన్ స్విచ్ మళ్లీ వేశారు. “అయితే అది ఇంట్లో లేదు. నీ చెవిలో ఉంది” అన్నారు మెల్లగా.

చెవిలో పురుగు దూరిందేమోనని టార్చిలైటు వేసి చూశారు. వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె పోశారు. వించిపేట నుంచి ఆమె ఏదో కషాయం సీసాలో తెచ్చింది. ఆఫీసులో ఆయన స్నేహితుడు చెబితే రోజూ నోట్లో లవంగం పెట్టుకుని తిరిగాను. వీటివల్ల జరిగిన నష్టమేమీ లేదు. నా తలగడలకి మాత్రం నూనె మరకలు పడ్డాయి.

ఆ మోత ఎట్లా ఉండేదో చెప్పమని తర్వాత చాలామంది అడిగారు. గట్టిగా ఉండదు. పక్కన ఎవరైనా కబుర్లు చెబుతుంటే పట్టించుకోకుండా ఉండొచ్చు. కానీ ఆగదు. పుస్తకం తెరిస్తే అక్షరాలకంటే ముందు అది ఉంటుంది. పూజకి కూర్చుంటే దీపం కంటే ముందు అది ఉంటుంది. నిశ్శబ్దం అనేది నాకు ఇక లేదు. అది లేకుండా పోతుందని ఎప్పుడూ అనుకోలేదు కాబట్టి, ఉన్నన్నాళ్లూ దాని విలువ తెలియలేదు. ఫ్యాను చప్పుడు, రేడియోలో స్టేషన్ల మధ్య వచ్చే గరగర, ఏదో ఒకటి పక్కన ఉంటేగానీ నిద్ర పట్టేది కాదు. విసుగు పెరిగింది. గిన్నె కింద పడితే గిన్నె మీద అరిచేదాన్ని. పిచ్చి పడుతోందేమోనని భయం వేసేది. ఆ మాట మా ఆయనకి చెప్పడానికి కూడా భయమే.

చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాం. పెద్దాయన, మంచివారే. చెవిలోకి చూసి, ముక్కులోకి చూసి, “పైకి అంతా శుభ్రంగా ఉందమ్మా. లోపల నరం దెబ్బతింది. దీన్ని టిన్నిటస్ అంటారు. ప్రమాదం ఏమీ లేదు. అలవాటు చేసుకోవాలి” అన్నారు. ఏవో విటమిన్ మాత్రలు రాశారు. ప్రమాదం లేదన్నందుకు సంతోషం, అలవాటు చేసుకోమన్నందుకు దుఃఖం, రెండూ మోసుకుని రిక్షా ఎక్కాను.

మా పుట్టింటి ఊరు పామర్రు దగ్గర. ఊరి చివర కాలువ మీద నీళ్లు ఆపే లాకులున్నాయి. ఒకసారి వెళ్లినప్పుడు అమ్మా నేనూ మాట్లాడుకుంటూ లాకుల దాకా నడిచి పోయాం. నాట్ల రోజులు, కాలువ నిండుగా ఉంది. తలుపుల సందుల్లోంచి నీళ్లు నురుగు కక్కుతూ దూకుతున్నాయి. అమ్మ ఏదో చెబుతోంది. నేను ఉన్నట్టుండి ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాను.

“ఏమే, ఏమైంది?”

“లేదమ్మా. మోత లేదు.”

అమ్మకి ఏమీ అర్థం కాలేదు. నన్ను చూసి కంగారుపడింది. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. నీళ్ల చప్పుడు చెవుల నిండా ఉంది, దానిలో నా కూత ఎక్కడా లేదు. చీకటి పడేదాకా అక్కడి నుంచి లేవలేదు. తర్వాత ఎండాకాలం వచ్చింది. కాలువలు కట్టేశారు. ఆ ఎండిపోయిన లాకుల దగ్గర నిలబడితే మళ్లీ నేనూ నా మోతా మిగిలాం. అయినా ఒక సంగతి మనసులో పడింది. బయటి చప్పుడు సరిగ్గా కుదిరితే లోపలిది తగ్గుతుంది. దానితో ఏం చెయ్యాలో తెలియలేదు. కాలువని పటమట తెచ్చుకోలేను కదా.

ఈలోగా ప్రెస్సులో ఇంకొకటి జరుగుతూ ఉంది. నాకు తెలియకుండానే. ఒక రోజు భోజనాలయ్యాక ఆమె ప్రూఫు తియ్యలేదు. చేతిలో ఉన్న శుభలేఖ అట్ట నోటికి అడ్డం పెట్టుకుంది.

“అక్కా, నేను కొన్ని మాటలు చెబుతాను. మీరు తిరిగి చెప్పండి.”

“ఏంటమ్మాయ్ ఈ ఆటలు?”

“చెప్పండక్కా.”

అట్ట వెనక నుంచి మాట వచ్చింది. నేను “పని” అన్నాను. ఇంకోటి. “కల” అన్నాను. ఇంకోటి. దానికి ఏమనాలో తెలియక ఊరుకున్నాను.

ఆమె అట్ట దించింది. “మొదటిది ‘శని’ అన్నానక్కా. రెండోది ‘తల’. మూడోది ‘సీసా’.”

“నువ్వు నోరు మూసుకుని చెబితే ఎవరికి వినపడుతుంది?” అని కసిరాను.

“నోరు మూసుకోలేదు, మీకు నా పెదాలు కనపడకుండా చేశానంతే. చాన్నాళ్ల నుంచి మీరు నా మాట వినట్లేదు, నా పెదాలు చూస్తున్నారు. ప్రూఫు మీద ఉండాల్సిన కళ్లు నా మొహం మీద ఉంటున్నాయి. మీకు మోత ఒక్కటే కాదక్కా. వినపడటం కూడా తగ్గింది.”

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఇంట్లో కుక్కరు ఈల వేసిందని మా ఆయన పక్క గదిలోంచి వచ్చి స్టవ్వు ఆపారు. నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు ఒప్పుకున్నాను.

మా ఆయన ఊరుకోలేదు. ఒక మందుల షాపులో వినికిడి మిషను అడిగి తెచ్చారు. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద డబ్బా, దానికొక వైరు, చెవిలో పెట్టుకోవడానికి బిళ్ల. డబ్బా మగవాళ్ల చొక్కా జేబు కోసం చేసింది. నేను పిన్నీసుతో పైటకి తగిలించుకున్నాను. స్విచ్ తిప్పగానే ప్రపంచమంతా ఒక్కసారి మీద పడింది. ఫ్యాను, పక్కింటి బకెట్టు, నా పైట ఆ డబ్బాకి రాసుకునే బరబర, అన్నీ ఒకే ఎత్తున. కావాల్సిన మాట మాత్రం అందులో ఎక్కడో మునిగిపోయేది. తీసేస్తే మోత ఇంకా పెద్దదిగా అనిపించేది. దాన్ని బీరువాలో పాత పట్టుచీరల అడుగున పెట్టి, ఇక మిషన్ల మాట ఎత్తొద్దని ఆయనకి చెప్పాను. కొన్నేళ్లు అట్లాగే గడిపాను. ప్రూఫులు కళ్లతోనే చూసేదాన్ని. ఆమె స, శ, ష లని వేళ్లతో చూపించేది. ఒక వేలు సబ్బు, రెండు వేళ్లు శంఖం, మూడు వేళ్లు షరతు.

రెండువేల సంవత్సరం దాటాక, ఏలూరు రోడ్డులో ఒక అమ్మాయి వినికిడి పరీక్షలు చేసే క్లినిక్ పెట్టిందని, ఆమే ఎక్కడో విని వచ్చింది. “చెవుల్లో మోతకి కూడా చూస్తారట అక్కా. నేనూ వస్తాను” అంది. మా ఆయనకి ఆ రోజు సెలవు దొరకలేదు. ఇద్దరం వెళ్లాం.

డాక్టరమ్మ అని పిలిచాను గానీ, ఆ అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. “నేను మందులిచ్చే డాక్టర్ని కాదండీ, ఆడియాలజిస్టుని” అని ముందే చెప్పింది. ఏం పని చేసేవారని అడిగింది. ప్రెస్సు సంగతి చెబితే, మిషను ఎంత దూరంలో ఉండేదని అడిగింది. నేను చెయ్యి చాపి చూపించాను. ఆమె తల పంకించింది.

చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేసింది. తర్వాత ఒక గ్రాఫు కాగితం చూపించింది. గీత కొంతదూరం బాగానే నడిచి, కుడివైపు ఒక్కసారిగా మెట్లు దిగినట్టు కిందికి పోయింది.

“లావు శబ్దాలు మీకు బాగానే వినపడుతున్నాయి. సన్నవి పోయాయి. స, శ, త, క లాంటివి ఇక్కడే ఉంటాయి” అంది కిందికి దిగిన చోట పెన్ను ఆనించి. మా ఆమె నా మోచెయ్యి మెల్లగా గిల్లింది.

తర్వాత డాక్టరమ్మ, “మీ మోత ఎట్లా ఉంటుందో వెతుకుదాం” అని హెడ్‌ఫోన్లలో ఒక్కో శబ్దం వినిపించింది. ఇది కాదు, ఇంకా సన్నం. ఇది కాదు, ఇంకొంచెం. ఇట్లా పోగా పోగా, “అదే!” అని నేను కుర్చీలోంచి లేచాను. “ఇదేనండీ, ఇదే, ఇదే.”

ఆ క్షణం ఎట్లా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ఇన్నేళ్లు నా ఒక్కదానికే వినపడి, ఎవరికీ చూపించలేకపోయిన శబ్దం, ఆ మిషనులోంచి బయటికొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి మా ఆమెకి ఇచ్చాను. “విను. నేను చెబుతూ వచ్చింది ఇదే.” ఆమె చెవులకి పెట్టుకుంది. కాసేపు అట్లాగే కూర్చుంది. తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది. నా మీద జాలి పడిందనుకున్నాను.

“మోత ఉన్న చోటే మీకు వినికిడి తగ్గింది” అంది డాక్టరమ్మ. “రావాల్సిన సన్న శబ్దాలు రాకపోతే మెదడు ఊరుకోదు. వాటికోసం చెవులు పెద్దవి చేసుకుని వెతుకుతుంది. ఆ వెతుకులాటే మోత అనుకోండి. రావాల్సినవి మనం అందిస్తే, అది కాస్త కుదుటపడే అవకాశం ఉంది.”

“మిషను పెట్టుకుంటే మోత పోతుందా?”

“పోతుందని నేను చెప్పనండీ. వెనక్కి జరుగుతుంది. అందరికీ ఒకేలా పనిచెయ్యదు. మీ గ్రాఫు చూస్తే మీకు పనిచేస్తుందనిపిస్తోంది. కొన్నాళ్లు పెట్టుకుని చూడండి, నచ్చకపోతే తిరిగిచ్చేయండి.”

నాకు బీరువాలో డబ్బా గుర్తొచ్చింది. చెబితే ఆమె నవ్వింది. “అది అన్నిటినీ ఒకేలా పెంచుతుంది. ఇది మీకు పోయినవాటినే పెంచుతుంది.”

చింతగింజంత మిషన్లు, ఒక్కో చెవికి ఒకటి, చెవి వెనక కూర్చుంటాయి. చెవి కొలతలు తీసుకుని, తర్వాతి వారం రమ్మంది. వెళితే వాటికి సన్నటి వైర్లు తగిలించి, కంప్యూటరులో నా గ్రాఫు చూస్తూ ఏవేవో సరిచేసింది. “ఆన్ చేస్తున్నానండీ” అంది.

మొదట విన్నది ఆమె మాటలో చివర ఉన్న సన్నటి గాలి. తర్వాత ఆమె గ్రాఫు కాగితం మడిచింది. కాగితం చప్పుడు చేసింది! జీవితమంతా కాగితాలతో బతికిన మనిషిని నేను. కాగితానికి చప్పుడుంటుందని మర్చిపోయాను. నా గాజులు కదిపి చూసుకున్నాను. మా ఆమె పక్కనుంచి మెల్లగా, ఎంతో మెల్లగా, “సబ్బు స” అంది. నేను ఆమె మొహం వంక చూడటం లేదు.

“స” అన్నాను.

“శంఖం శ.”

“శ.”

మూడోది చెప్పలేకపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సంగతేమిటో అడగకుండా మంచినీళ్లు తెప్పించింది.

బయటికి వచ్చి ఏలూరు రోడ్డు మీద నడిచాం. ఎండగా ఉంది. రోడ్డు పక్క చెరకు రసం బండి చక్రానికి కట్టిన గజ్జెలు గలగలమంటున్నాయి. అవి వినడానికే ఆగాను. రెండు గ్లాసులు చెప్పాం. నేను చుట్టూ చూస్తున్నాను. ఆటోలు, సైకిలు బెల్లులు, చెరకు పిప్పి రాలే చప్పుడు, గ్లాసులో ఐసు ముక్క తగిలే చప్పుడు. గ్లాసు సగం అయ్యాక ఆమె అడిగింది.

“అక్కా, మోత ఎట్లా ఉంది?”

నేను జవాబు చెప్పబోయి ఆగాను. మోత ఎట్లా ఉందో చూసుకోవాలంటే ముందు అదెక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చాలా ఏళ్లలో మొదటిసారి. ఉంది. పక్క వీధిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు, ఎక్కడో దూరంగా. క్లినిక్‌లోంచి బయటికి వచ్చినప్పటి నుంచి, ఆమె అడిగేదాకా, దాని గురించి నాకు గుర్తే లేదు.

“వెనక్కి జరిగింది” అన్నాను. భుజాల మీద నుంచి ఏదో దించినట్టయింది. మోస్తున్నానని కూడా మర్చిపోయినదేదో.

అన్నీ ఆ ఒక్క రోజులో సర్దుకోలేదు. మొదటి వారం స్టీలు గిన్నెల చప్పుడు భరించలేకపోయాను. నా గొంతు నాకే డబ్బాలోంచి వచ్చినట్టుండేది. రెండుసార్లు వెళ్లి సరిచేయించుకున్నాను. చెమటకి పాడవుతాయని ఎండాకాలం వాటిని పసిపిల్లల్లా చూసుకునేదాన్ని. తీసేసి పడుకుంటే మోత మళ్లీ దగ్గరకొచ్చేది, కానీ దాన్ని చూసి మునుపటిలా బెదిరేదాన్ని కాదు. పొద్దున్నే మిషన్లు పెట్టుకుంటే తగ్గుతుందని తెలుసు కాబట్టి, ఉంటే ఉండనీ అనుకునేదాన్ని. అట్లా అనుకోవడం మొదలుపెట్టాక నిద్ర కూడా తొందరగా పట్టేది. కొన్ని నెలలకి మా ఆయన, “నువ్వు గిన్నెల మీద అరవడం మానేశావు తెలుసా” అన్నారు.

ప్రెస్సులో మళ్లీ మామూలుగా కూర్చున్నాం. నా కళ్లు ప్రూఫు మీద, ఆమె గొంతు నా చెవిలో. అప్పుడే ఒక సంగతి గమనించాను. ఆమె అరుస్తోంది. మిషన్లు పోయి ఎన్నో ఏళ్లయింది, గదిలో ఏసీ తప్ప చప్పుడు లేదు. అయినా షెడ్డులో చదివినట్టే చదువుతోంది. ఇన్నాళ్లూ నాకోసం అనుకున్నాను. ఇప్పుడు నాకు అవసరం లేదు కదా.

“మెల్లగా చదువమ్మాయ్, వినపడుతోంది” అన్నాను.

“మెల్లగానే చదువుతున్నానక్కా” అంది.

ఇంకా చాలా గుర్తొచ్చాయి. సాయంత్రం పని అవగానే ఆమె నేరుగా ఇంటికి వెళ్లదు. వాళ్లాయన కొట్టుకి వెళ్లి, గడియారాల మధ్య గంటసేపు కూర్చుని వెళుతుంది. మొగుడి మీద ఎంత ప్రేమో అని మేమందరం ఏడిపించేవాళ్లం. క్లినిక్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని అట్లా ఎందుకు కూర్చుండిపోయిందో అప్పుడు తట్టింది. ప్రూఫు పక్కన పెట్టాను.

“నీకు ఎప్పటి నుంచి?”

ఆమె తెలియనట్టు నటించలేదు. “మీకు మొదలైన రోజుల్లోనే. ఆ రోజు డాక్టరమ్మ వినిపించింది చూడండి, అది మీ ఒక్కరిదే కాదక్కా. నాదీ అదే.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“మీరు అప్పటికే బెదిరిపోయి ఉన్నారు. ఇద్దరం చెవులు పట్టుకుని కూర్చుంటే ప్రూఫులెవరు చదువుతారు?” అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. “చెబితే నిజమైపోతుందని భయం వేసిందక్కా. గడియారాల దగ్గర కూర్చుంటే కాస్త తెరిపిగా ఉండేది. ఆ తెరిపి చాలనుకున్నాను.”

నేను లేచి ఓనరుగారి దగ్గరికి వెళ్లి, రేపు మేమిద్దరం రామని చెప్పి వచ్చాను.

ఆమె గ్రాఫు కూడా నాలాగే మెట్లు దిగింది, కాకపోతే నా అంత లోతుగా కాదు. డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “ఈసారి మీరే ధైర్యం చెప్పండి” అంది. నేను చెప్పిందేమీ లేదు, నా చెవి వెనక చెయ్యి పెట్టి చూపించానంతే. మిషన్లు వచ్చి, అమర్చి, ఆన్ చేసిన రోజు ఆమె ఏడవలేదు. కళ్లు మూసుకుని కూర్చుని, “గడియారం” అంది. క్లినిక్ గోడ మీద ఒక గడియారం ఉంది. అది తిరుగుతోందని అప్పటిదాకా మేమెవరం పట్టించుకోలేదు.

అక్కడి నుంచి బస్టాపు దగ్గరి టిఫిన్ హోటలుకి వెళ్లాం. ఇద్దరికీ ఆకలిగా ఉంది. ఎదురుగానే పెనం. మాస్టరు చీపురుకట్టతో పెనం మీద నీళ్లు చల్లాడు. అది చుయ్యిమని లేచింది. ఆమె ఉలిక్కిపడి, తర్వాత ముందుకు వంగి కూర్చుంది. పిండి పోశాడు, గరిటె తిప్పాడు, అంచుల వెంట నూనె వేశాడు. ప్రతి దానికీ ఆమె మొహంలో ఒక మార్పు. నా పటమట బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను లేవలేదు. దోశలు తిన్నాం. చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఇంకోటి చెబుదామక్కా.”

“ఇంకా ఆకలిగా ఉందా?”

“ఆకలి కాదు. వింటాను.”

ఇంకో రెండు దోశలు చెప్పి, పెనానికి ఇంకాస్త దగ్గరగా ఉన్న బల్లకి మారాం.